నూకరాజు ఆదివారాలు

బేరానికి వచ్చిన మనిషి ముఖం చూడకూడదు, కాళ్ళు చూడాలి. ముఖంతో ఎవరైనా అబద్ధం ఆడగలరు. "మీ రేటు మాకు కుదరదు లెండి" అని లేచి, గుమ్మంలో విడిచిన చెప్పుల్లో రెండు కాళ్ళూ టక్కున పెట్టేశాడంటే ఆ మనిషి నిజంగానే వెళ్ళిపోతున్నాడు. వెంటనే వెనక్కి పిలవాలి. ఒక చెప్పు వేసుకుని, కళ్ళెదుటే ఉన్న రెండో చెప్పు కోసం కాలితో వెతుకుతున్నాడంటే ఎక్కడికీ పోడు. అలాంటప్పుడు నేను నింపాదిగా టీ గ్లాసులు సర్దుకుంటూ కూర్చునేదాన్ని.

ఇరవయ్యారేళ్ళు అలాగే బేరాలాడాను. కాకినాడ జగన్నాథపురంలో మాది చిన్న ఫౌండ్రీ. మరబోటు వెనకాల నీళ్ళలో తిరిగే ప్రొపెల్లర్లను కంచుతో పోత పోస్తాం. మా వైపు వాటిని ఫ్యాన్లనే అంటారు. కొలిమి దగ్గర పని మా ఆయన వీరభద్రానిది, గుమ్మం దగ్గర పని నాది. ఆయనకి బేరం బొత్తిగా రాదు. "మీరెంతిస్తారండీ?" అని కొనేవాణ్ణే అడిగే రకం. పెళ్ళయిన రెండో ఏడే ఆయన్ని మర్యాదగా లోపలికి పంపేసి నేను కుర్చీలో కూర్చున్నాను. అనుకున్నదానికంటే ఎక్కువ రేటు పలికినప్పుడు, ఆ సంతోషం పైకి తేలకుండా, సర్వం ఓడిపోయినదానిలా మొహం పెట్టి ఒక మాట అనేదాన్ని: "అలాగే లెండి. మీ మాట ఎప్పుడు కాదన్నాం." ఆ మాట వినబడగానే లోపల కొలిమి దగ్గర ఎనిమిది మంది పనివాళ్ళూ ముసిముసిగా నవ్వుకునేవారు. హైమమ్మగారు గెలిచారని వాళ్ళకి దానర్థం.

ఆ ఎనిమిది మందిలో పెద్దవాడు నూకరాజు. మా మామగారి హయాంలో చేరాడు. నేను బాబాయ్ అని పిలుస్తాను. ఇసకతో అచ్చు కట్టడం ఆయన పని. అచ్చులో తడి ఒక్క పిసరు ఎక్కువైతే కరిగిన కంచు పొయ్యగానే ఆవిరి లేచి ఫ్యాను రెక్క నిండా చిల్లులు పడతాయి. తక్కువైతే అచ్చే కూలిపోతుంది. సముద్రపు గాలికి మా ఊళ్ళో ఏ రోజు ఇసక ఆ రోజుది. నూకరాజు పొద్దున్నే వచ్చి, గేటు దగ్గర చెప్పులు విడిచి, గుప్పెడు ఇసక తీసి పిసికి, ఆ ముద్దని రెండుగా విరిచి చూసేవాడు. విరిగిన చోట అంచు చాకుతో కోసినట్టుంటే తలూపేవాడు. లేకపోతే ఆయన నీళ్ళు చిలకరించేదాకా కంచు కరిగించే మూస కొలిమి మీదకి ఎక్కేది కాదు.

"తడి సూత్తే తెలవదమ్మా, పిసికితే తెలుత్తాది" అనేవాడు.

తరవాత రోజులు మారాయి. రేవులో బోట్లన్నీ ఒక్కొక్కటిగా ఒక కంపెనీ చేతికి పోయాయి. పాత యజమానులు తమ బోట్లనే ఆ కంపెనీ దగ్గర అద్దెకి తీసుకుని వేటకి వెళ్ళే కాలం వచ్చింది. చెప్పులు విడిచి నా గుమ్మంలోకి వచ్చే మనుషులు లేకుండా పోయారు. ఫ్యాన్లు కొనేది ఇక ఆ కంపెనీ ఒక్కటే. వాళ్ళు ఒక ఉత్తరం పంపారు. అమ్మకం బేరాలు మనుషులతో ఆడబోమని, సరుకు తయారుచేసేవాళ్ళు 'సమ్మతి' అనే యంత్రాన్ని పెట్టుకోవాలని అందులో ఉంది.

దాన్ని బిగించడానికి విశాఖపట్నం నుంచి నస్రీన్ అనే ఇంజనీరు వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, నెమ్మదస్తురాలు. టిఫిన్ క్యారియరంత పెట్టె ఒకటి నా బల్ల మీద పెట్టింది. కొలిమి షెడ్డులో ఒకటి, గేటు దగ్గర ఒకటి, మాట కూడా వినే కెమెరాలు బిగించింది. నా ఫోనులో ఆరేళ్ళుగా రికార్డయి ఉన్న బేరాలన్నీ దానికి వినిపించింది. మర్నాటికల్లా అది అచ్చం నా గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టింది. కొంచెం దగ్గు కూడా నాదే.

"ఇది మీ తరఫున బేరం ఆడుతుందండి. కంపెనీ తరఫున ఇలాంటిదే ఇంకోటుంటుంది. రెండూ ఒక తలుపులు మూసిన గదిలో కూర్చున్నట్టు అనుకోండి. ఆ గదిలో ఏదీ దాచవు, అబద్ధం ఆడవు. లోపలి మాట బయటికి రాదు. రేటొక్కటే బయటికొస్తుంది" అంది నస్రీన్.

"అబద్ధం ఆడకుండా బేరమేంటమ్మా?"

"అబద్ధాలకి పట్టే టైము మిగులుతుంది కదండీ" అని నవ్వింది.

పెట్టె నన్ను మొదటి ప్రశ్న అడిగింది. ఇరవై నాలుగంగుళాల ఫ్యాను ఎంతకంటే తక్కువకి ఇవ్వరు, మీ ఆఖరు రేటు ఎంత అని. నేను కళ్ళార్పకుండా ఒక అంకె చెప్పాను.

"అది మీ ఆఖరు రేటు కాదండి. పోయిన మార్చిలో ఉప్పాడ నుంచి వచ్చిన కాశీ గారికి దీనికంటే తక్కువకి ఇచ్చారు" అంది నా గొంతు.

వెనకాల నిలబడ్డ మా ఆయన పగలబడి నవ్వారు. ఇన్నాళ్ళకి నన్ను పట్టుకున్నవాళ్ళు దొరికారని ఆయన సంబరం. నాకూ నవ్వే వచ్చింది. ఆ నవ్వులో ఉండగానే రెండో ప్రశ్న అడిగింది.

"మీకు అన్నిటికంటే కష్టంగా గడిచిన రోజుల గురించి చెప్పండి."

ఆ కథ చెప్పమంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. మా ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పాను. హార్బరు మూసిన ఏడాది అంటే మా వీధిలో అందరికీ తెలుసు. సముద్రంలో నూనె ఓడ ఒకటి పగిలి, పదకొండు నెలలు వేట లేదు, బోటు కదల్లేదు. ఫౌండ్రీ మూసేద్దామని మా ఆయన ఎనిమిది మందినీ కూర్చోబెట్టి చెప్పారు. నూకరాజు లేచి, "కొలిమి ఆరిపోతే మళ్ళీ ఎలిగించేవోడుండడు బాబూ. సగం జీతాలియ్యండి. అదీ లేనప్పుడు అన్నం పెట్టండి" అన్నాడు. మిగతా ఏడుగురూ తలూపారు. పదకొండు నెలలు నేను షెడ్డులోనే ఒకే గిన్నెలో గంజి కాచాను. ఎండు చేపలు నిప్పుల మీద కాల్చుకుని అందరం ఒకే చోట తిన్నాం. ఆ నెలల్లో తుక్కు కరిగించి తలుపు గడియలు, గుడి గంటలు పోశాం. ఎక్కువ కూలి ఇస్తామని బయట పిలిచినా ఎవరూ కదల్లేదు. అప్పుడు తీసిన ఫొటో ఇప్పటికీ నా బల్ల వెనక గోడ మీద ఉంది. అందరూ బక్కచిక్కి, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంటారు.

గంటసేపు చెప్పాను. కళ్ళు తుడుచుకుంటూ చెప్పాను.

"ఆ పదకొండు నెలల్లో ఒక్కరు కూడా మానలేదా?" అని అడిగింది.

"ఒక్కరు కూడా" అన్నాను.

"ధన్యవాదాలండి. ఇది చాలా ఉపయోగపడుతుంది."

నస్రీన్ కూడా కళ్ళు తుడుచుకుంది. ఆ పిల్లని నేనేమీ అనను. గర్వంతో వాగింది నేను.

మొదటి బేరం నేను టీ పెట్టుకుని వచ్చేలోపు అయిపోయింది. నాలుగైదు ఫౌండ్రీలు పోటీపడ్డాయట, ఆర్డరు మాకే వచ్చింది. అంతకుముందు ఏ ఏడాదీ అంత పెద్ద ఆర్డరు మేము చూడలేదు. పెట్టెలోంచి నా గొంతు గట్టిగా అంది: "అలాగే లెండి. మీ మాట ఎప్పుడు కాదన్నాం." లోపల ఎనిమిది మందీ అలవాటు చొప్పున నవ్వారు. మా ఆయన కోటయ్య కాజాలు తెప్పించారు.

కాజాలు తినడం అయ్యాక రేటు చూశాం. ఆయన కాగితం, పెన్నూ తీసుకుని చాలాసేపు కూర్చున్నారు.

"జీతాలు సగం చేస్తే సరిపోతుంది హైమా. సరిగ్గా సరిపోతుంది" అన్నారు.

ఆ 'సరిగ్గా' అన్న మాట దగ్గరే నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. కొత్త కదా, మొదట తగ్గించి పట్టుకుంటారు, మెల్లగా పెరుగుతుందిలే అనుకున్నాను. నా ఎత్తులన్నీ నేర్చుకున్న యంత్రం నాకంటే తెలివితక్కువగా ఎందుకుంటుంది. ఎనిమిది మంది ముందూ నిలబడి, దసరా వెళ్ళేలోపు పూర్తి జీతాలు ఇస్తానని మాటిచ్చాను. నూకరాజు ఫొటో వైపు చూసి, "అప్పుడు గంజి తాగి సేశాం. ఇప్పుడు అన్నం తింటన్నాంగా" అన్నాడు.

తరవాతి ఆర్డరూ మాకే వచ్చింది. ఆ తరవాతదీ మాకే. ఆర్డర్లు పెరుగుతున్నాయి, పని పెరుగుతోంది, రేటు మాత్రం వెంట్రుకవాసి కదలటం లేదు. దసరా వచ్చింది, వెళ్ళింది. పనివాళ్ళలో కామేశు అనేవాడు పిల్లని ఇంగ్లీషు బడి మాన్పించి మునిసిపల్ బడిలో వేశాడు. ఇంకొకతను సాయంత్రాలు ఆటో నడుపుతున్నాడు. నూకరాజు కంట్లో పొర కోయించుకోవాల్సింది, వచ్చే ఏడు చూద్దామన్నాడు. వాకలపూడి వైపు ఉన్న ఫౌండ్రీ మూతపడిందని విన్నాం. సామర్లకోటలోది కూడా పోయిందన్నారు. పోటీ పోయింది కాబట్టి ఇక మనకి మంచి రేటొస్తుందని మా ఆయన ఆశపడ్డారు. రాలేదు.

ఏడాది తిరిగాక నస్రీన్ పెట్టెని చూసి పోవడానికి వచ్చింది. ఫొటో ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"కంపెనీ వాళ్ళకి మీ ఫౌండ్రీ అంటే చాలా ఇష్టమండి" అంది.

"ఇష్టముంటే రేటు పెంచమను. నా యంత్రం నా గొంతుతో మాట్లాడి నన్నే అమ్మేస్తోంది. దానికి బేరమాడటం రాదా?"

నస్రీన్ కుర్చీలో కూర్చుని తల దించుకుంది. అప్పుడు నిజం చెప్పింది. మూసిన గదిలో బేరం జరగదట. అక్కడ కొలత జరుగుతుందట. ఏ ఫౌండ్రీ ఎంత రేటుకి దిగజారినా మూతపడకుండా ఉంటుందో చూస్తారు. ఎవరు అందరికంటే కిందకి దిగి బతకగలరో వాళ్ళకి, ఆ రేటుకి, ఆర్డరు. మిగతా ఫౌండ్రీలకి మాలాంటి కథ లేదు. హార్బరు మూసిన ఏడాది వాళ్ళ మనుషులు తలో దిక్కూ పోయారు. సగం జీతాలతో పదకొండు నెలలు, ఒక్కరు కూడా మానకుండా నిలబడ్డది మేమొక్కళ్ళమే. అదే మా ఆఖరు రేటు అయ్యింది.

పోటీ పోతే రేటు పెరుగుతుందన్న ఆశ అప్పుడే పోయింది. పోటీ ఉన్నా లేకపోయినా మా అడుగు ఎక్కడుందో వాళ్ళకి తెలుసు.

"ఆ కథ తీసెయ్యమ్మా దాంట్లోంచి" అన్నాను.

"జరిగినదాన్ని తియ్యలేనండి. అదలా తయారైంది. మాట నమ్మదు, జరిగినదే నమ్ముతుంది."

నేను పెట్టె వైపు తిరిగి గట్టిగా చెప్పాను. "విను. ఇంక మావల్ల కాదు. సగం జీతాలతో ఎవరూ పని చెయ్యరు ఇక్కడ."

"మీ ఇబ్బంది అర్థమైందండి. కానీ ఈరోజు కూడా ఎనిమిది మందీ ఎనిమిదింటికే వచ్చారు" అంది నా గొంతు, నేను కోపంలో ఉన్నప్పుడు ఎదుటివాణ్ణి ఊరుకోబెట్టే స్వరంతోనే.

నూకరాజు గుమ్మంలో నిలబడి ఇదంతా విన్నాడు. చేతిలో ఇసక ముద్ద ఉంది.

"అంటే ఏటమ్మా, మనం మానేత్తేనే గాని అది నమ్మదా?" అని నస్రీన్‌ని అడిగాడు.

ఆ పిల్ల పెట్టె వైపు ఒకసారి చూసింది. "నిజంగా జరిగితే నమ్ముతుంది తాతగారూ" అంది.

ఆయన ఇసక ముద్ద విరిచి, అంచు చూసుకుని, లోపలికి వెళ్ళిపోయాడు.

సోమవారం నూకరాజు రాలేదు. మంగళవారమూ రాలేదు. కామేశుని ఇంటికి పంపితే, రొయ్యల మేత గోడౌను దగ్గర వాచ్‌మన్ పనికి కుదిరాడని తెలిసింది. నేను ఆటో కట్టించుకుని వెళ్ళాను. ఆ గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నీలం చొక్కా భుజాల మీంచి జారుతోంది. మెడలో ఈల వేలాడుతోంది. ముప్పై నాలుగేళ్ళు నిప్పు ముందు నిలబడ్డ మనిషి లారీ వస్తే లేచి గేటుకి అడ్డంగా ఉన్న కర్ర ఎత్తుతున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడవకండమ్మా, లారీ డ్రైవర్లు సూత్తారు" అన్నాడు. "నాకా వయసైపోయింది. కామేశుకి పని నేర్పేశాను. నేనొకణ్ణి ఎళ్ళిపోతే మిగతా ఏడుగురికీ జీతం పెరుగుద్దంటే అంతకంటే ఏం కావాలి. కోపమొచ్చి ఎళ్ళిపోయానని సెప్పండి దానికి."

"చెప్పక్కర్లేదు బాబాయ్. అది చూసింది."

నిజంగానే చూసింది. తరవాతి బేరంలో రేటు పెరిగింది. "ముప్పై నాలుగేళ్ళుగా ఉన్న మనిషి వెళ్ళిపోవడం గమనించానండి. మీ ఆఖరు రేటు పెంచాను" అంది పెట్టె. పూర్తి జీతాలు కాదు గానీ ముప్పావు జీతాలు ఇవ్వగలిగాం. ఏడాదిన్నర తరవాత మొదటిసారి మా ఆయన కడుపునిండా తిన్నారు. ఇంకొకరు మానేస్తే పూర్తి జీతాలొస్తాయని కామేశు హాస్యమాడాడు. ఎవరూ నవ్వలేదు. ఎవరికి వాళ్ళు ఆ మాట అప్పటికే అనుకుని ఉన్నారని నాకు అనుమానం.

అయితే అచ్చులు చెడటం మొదలైంది. కామేశు మంచి పనివాడే. ఎండ కాసిన రోజు బాగానే కడతాడు. మబ్బు పట్టిన రోజు ఇసక వాడి చేతికి అబద్ధం చెప్పేది. పది ఫ్యాన్లు పోస్తే మూడింటి రెక్కల్లో చిల్లులు. పగలగొట్టి మళ్ళీ కరిగించడం, మళ్ళీ పొయ్యడం. సరుకు వెనక్కి వచ్చిందంటే ఆర్డరే పోతుంది, అప్పుడు ముప్పావు జీతాలూ ఉండవు. వానాకాలం ముంచుకొస్తోందని మా ఆయన మళ్ళీ తిండి తగ్గించారు.

ఒక ఆదివారం పొద్దున షెడ్డులో చప్పుడైతే వెళ్ళి చూశాను. నూకరాజు పాత గళ్ళ లుంగీ కట్టుకుని ఇసక గుట్ట ముందు గొంతుక్కూచుని ఉన్నాడు.

"ఏటమ్మా ఈ ఇసక, పప్పు రుబ్బినట్టుంది" అన్నాడు నన్ను చూసి. "కామేశు బోరుమన్నాడు నా దగ్గరకొచ్చి. ఈవేళ నాకు సెలవే. ఇంట్లో కూకుంటే సేతులు దురదెడతన్నాయి. వారానికి సరిపడా అచ్చులు కట్టేసి, గాలి తగలకుండా గోనెలు కప్పి పోతాను. జీతం గీతం అన్నారంటే మళ్ళీ రాను."

నాకు ఎంత సంతోషమయ్యిందో చెప్పలేను. టీ పెట్టాను, పెసరట్లు వేశాను. ఆయన ఇసక పిసికి, విరిచి, నీళ్ళు చిలకరించి, అచ్చు పెట్టెల్లో దట్టించి, పైన అరచేత్తో నిమురుతుంటే మా ఆయన పక్కన కూర్చుని చిన్నపిల్లాడిలా చూశారు. ఆ సంతోషంలో నా నోరు ఊరుకోలేదు. కొలిమి పక్కనే నిలబడి మా ఆయనతో గట్టిగా అన్నాను.

"చూశారా, అరవయ్యొకటో ఏట, పైసా అడక్కుండా వచ్చి పని చేస్తున్నాడు. ఇలాంటి మనుషులు మనకి తప్ప ఇంకెవరికైనా ఉన్నారా?"

మా తల మీద కెమెరా ఉంది. ఎర్రచుక్క వెలుగుతూనే ఉంది. ఏడాదిన్నరగా అది అక్కడే ఉంది కాబట్టి దాన్ని చూడటం ఎప్పుడో మానేశాం.

వరసగా నాలుగు ఆదివారాలు వచ్చాడు. ఒక్క రెక్కకీ చిల్లు పడలేదు. పంపిన సరుకంతా కంపెనీ తీసుకుంది.

అయిదో వారం కొత్త ఆర్డరుకి బేరం జరిగింది. నేను బల్ల ముందే కూర్చున్నాను. రేటు చూసి, తప్పు చూశాననుకుని మళ్ళీ చూశాను. నూకరాజు మానకముందు వచ్చినదానికంటే తక్కువుంది.

"ఇదేంటి? పెంచావు కదా?" అన్నాను.

"నూకరాజు గారు వెళ్ళిపోయినప్పుడు పెంచానండి. ఇప్పుడు మీ దగ్గర అందరికంటే పనితనమున్న మనిషి ఆదివారాలు జీతం లేకుండా పని చేస్తున్నారు. అచ్చుల్లో లోపాలు లేవు. ఒక జీతం తగ్గింది, పని తగ్గలేదు. మిగతా ఏడుగురూ సగం జీతాలతో ఉండగలరని మునుపే తెలుసు. కాబట్టి మీ ఆఖరు రేటు ఇది."

"ఆయన మా మీద అభిమానంతో వస్తున్నాడు."

"అవునండి. అది కూడా లెక్కలోకి తీసుకున్నాను."

"నేను ఒప్పుకోను."

"మీరు ఒప్పుకోకపోతే కంపెనీ బయటి దేశం సరుకు తెప్పించుకుంటుందండి. రేటు కొంచెమే ఎక్కువ. సోమవారం దాకా గడువుంది."

దాంట్లో కోపం లేదు, వెటకారం లేదు. నా మీద పగ ఉన్నా బాగుండేది. పగ ఉన్నవాడి కాళ్ళు పట్టుకోవచ్చు, కాళ్ళు లేనిదాన్ని ఏం పట్టుకుంటాం. నస్రీన్‌కి ఫోను చేశాను. ఆ పిల్ల ఉద్యోగం మానేసిందని వేరే ఎవరో చెప్పారు.

మా ఆయన కాగితం, పెన్నూ తీసుకుని కూర్చున్నారు. ఈసారి నేను ఆయన పక్కన కూర్చోలేదు. గోడ మీది ఫొటో తీసి బోర్లా పెట్టాను. ఆయన లెక్క పూర్తిచేసి, కళ్ళజోడు తీశారు.

"సరిపోతుంది హైమా. మళ్ళీ సగం జీతాలకి దిగితే, నూకరాజు ఆదివారాలు వస్తే, సరిగ్గా సరిపోతుంది. ఆయన రాకపోతే ఈ రేటుకి చెడిపోయిన సరుకు మనం భరించలేం. మూసెయ్యడమే."

ఆదివారం తెల్లారగానే నేను గేటు దగ్గర నిలబడ్డాను. ఏం చెప్పాలో నిర్ణయించుకునే నిలబడ్డాను. మీ త్యాగం మట్టికొట్టుకుపోయింది బాబాయ్, మీరు వచ్చినందుకే రేటు పడింది, ఇక రావద్దు, మూసేస్తున్నాం, ఎవరి దారి వాళ్ళు చూసుకోండి. ఇలా చెబుదామనే. ఆ మాట చెబితే ఆ ముసలాయన బతికున్నన్నాళ్ళూ తన చేతుల్ని తిట్టుకుంటాడు. చెప్పకపోతే బతికున్నన్నాళ్ళూ మాకు ఊరికే పని చేస్తాడు. కామేశు, వాడి పిల్ల, మిగతా ఆరుగురు, వాళ్ళ ఇళ్ళు, అన్నీ ఆ రెండు చేతుల మీదే నిలబడి ఉన్నాయి.

నూకరాజు సైకిలు గోడకి ఆనించాడు. వారమంతా గేటు కాసిన కాళ్ళు ఉబ్బి ఉన్నాయి. కంట్లో పొర ముదిరినట్టుంది, దగ్గరికొచ్చేదాకా నన్ను పోల్చుకోలేదు. గేటు దగ్గర ఒక చెప్పు విడిచాడు. రెండోది కాలికే ఉంచి ఆగాడు.

"కొత్త ఆర్డరు వచ్చిందంట. రేటు పెరిగిందా అమ్మా?" అని అడిగాడు.

నేను ఆయన ముఖం చూడలేదు, కాళ్ళే చూశాను. నా నోట్లోంచి 'లేదు' అన్న మాట వస్తే, తను వచ్చినందుకే పడిందని గ్రహించి విడిచిన చెప్పు తొడుక్కుంటాడు, తలొంచుకుని వెళ్ళిపోతాడు, ఇక ఎప్పటికీ రాడు. ఇరవయ్యారేళ్ళు ఎవరికీ చిక్కని నా మొహం ఆ క్షణంలో దానంతట అదే సర్దుకుంది.

"పెరిగింది బాబాయ్" అన్నాను. "బాగా పెరిగింది. అంతా మీవల్లే."

ఆయన మొహం వెలిగిపోయింది. రెండో చెప్పు కూడా విడిచేశాడు.

"అయితే ఆదివారాలు నాకొదిలెయ్యండి. ఊపిరున్నంత కాలం నేనే కడతాను అచ్చులు. జీతం మాట మాత్రం ఎత్తకూడదు, ముందే సెప్తన్నాను."

పైన గేటు కెమెరాలో ఎర్రచుక్క వెలుగుతోంది. అది వింటోందని తెలిసే, ఆయన కోసమే, ఎప్పటి మాటే ఎప్పటిలాగే అన్నాను.

"అలాగే లెండి. మీ మాట ఎప్పుడు కాదన్నాం."

హైమమ్మగారు గెలిచారనుకుని, నూకరాజు నవ్వుకుంటూ లోపలికి వెళ్ళాడు.